పదకొండు సార్లు

మోంటెవీడియోలో జూలై. చలి.
ఆస్పత్రి ఎనిమిదో అంతస్తులో హీటరు పనిచెయ్యదు.
ఉన్నికోటు మీద తెల్లకోటు తొడుక్కుని
నలభై ఒక్క మంది రాత్రుల్ని
కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను.

ఎన్నింటికి లేచారు, ఎంత వెళ్ళింది,
ఆపుకోలేనితనం సున్నా నుంచి నాలుగు దాకా ఎంత.
కొలత గ్లాసులు మేమే ఇచ్చాం, మూతలతో సహా.
మాత్రలూ మేమే ఇచ్చాం:
సగం మందికి మందు, సగం మందికి ఉత్త పిండి.
ఎవరిది ఏదో నాకు తెలీదు, వాళ్ళకీ తెలీదు,
ఫార్మసీ బీరువాలో ఒక కవరుకే తెలుసు.

ప్రొఫెసర్ ఇరురేత మొదటి రోజు
నా చేతికి గొట్టం ఇవ్వలేదు, కుర్చీ చూపించాడు.
"కూర్చో, యనీనా. రాత్రుల గురించి అడుగు.
అడిగాక నోరు మూసుకో.
మగాడు ఒంటేలు సంగతి చెప్పే ముందు
ఫుట్‌బాల్ చెప్తాడు, వాన చెప్తాడు, మోకాలు చెప్తాడు.
తలుపు గడియ మీద చెయ్యి పెట్టాక అసలుది చెప్తాడు.
అందాకా గడియారం చూడకు."
మూడేళ్ళయింది.
కెమెరా గొట్టంతో మూత్రాశయం లోపలికి వెళ్ళడం వచ్చింది,
గడియారం చూడకపోవడం ఇంకా రాలేదు.

పదిహేడో నంబరు.
పేరు రాయకూడదు కాబట్టి పేరే గుర్తుండిపోయింది:
వాల్దెమార్ సిల్వేరా, ముప్ఫై ఏళ్ళ సిటీ బస్సు డ్రైవరు.
ఆ కొస నుంచి ఈ కొసకి గంటా నలభై నిమిషాలు
బిగబట్టుకోవడం కూడా జీతంలో భాగమే అనుకున్నవాడు.
తాగిన నీళ్ళ గడిలో మొదటి రోజే అనుమానం రాశాడు:
"మాతే కషాయం ఫ్లాస్కు లీటరు. తాగింది నలుగురం.
నా వాటా ఎలా తియ్యాలి?
మధ్యలో పక్కింటి రూబెన్ కూడా వచ్చాడు."
మా నిబంధనలు ముప్ఫై రెండు పేజీలు.
రూబెన్ ఎక్కడా లేడు.

"మూడూ పది. రెండు వందలు. వాన. కుక్క కూడా లేచింది."
రెండు వందలు ఎక్కించాను.
వానకి గడి లేదు.

ఐదో వారం, గురువారం రాత్రి: పదకొండు సార్లు.
రెండు, మూడు, మూడు, రెండు, ఉన్నట్టుండి పదకొండు.
గ్రాఫులో ఒక చుక్క గుంపు విడిచి పైకెక్కి కూర్చుంది.
కొన్నిటికి మిల్లీలీటర్లు లేవు.
"అరచేయంత", "బాగా", "వీపు దాకా" అని ఉంది.
తీసేస్తే లెక్క నున్నగా వస్తుంది.
నా వేలు మీట మీదే ఉంది, ఒప్పుకుంటున్నాను.
ఇరురేత భుజం మీంచి తొంగి చూసి
"ఆ చుక్కకి ఫోన్ నంబరుంటుంది" అని వెళ్ళిపోయాడు.

చేశాను. వెనక పసి ఏడుపు.
"అయ్యో డాక్టరమ్మా, అవన్నీ నావి కావు, మనవరాలివి!
పుట్టి తొమ్మిది రోజులు.
మా అమ్మాయి నిద్రలేక తూలిపోతుంటే
రాత్రి డ్యూటీ నేను తీసుకున్నా.
తడిసినప్పుడల్లా రాయడం మీరే అలవాటు చేశారు,
ఎవరిదని చూసుకోలేదు."

నవ్వు ఆగాక అడిగాను, మరి మీవెన్ని?
"మూడేమో. కానీ నిద్ర లేచి వెళ్తేనే లెక్కన్నారు కదా.
నేను పడుకుంటేగా లేవడానికి?
సున్నా వేసుకోండి.
ఎన్నేళ్ళకో వచ్చిన సున్నా."

సున్నా వెయ్యలేదు. నిబంధన ప్రకారం అది ఖాళీ,
ఖాళీకి మా దగ్గర మూడు తొమ్మిదులు ఉన్నాయి.
కారణం గడిలో రాశాను:
పాప తడిపింది. తాత నిద్రపోలేదు.

కానీ అది తర్వాత.
ఫోను పెట్టేసే ముందు ఆయన
చలి గురించి అన్నాడు, పెన్యరోల్ ఓడిపోవడం గురించి అన్నాడు,
పాప ముక్కు ఎవరిదో తేలలేదన్నాడు.
నేను గోడ వైపు చూడలేదు.
"ఇంకోటి డాక్టరమ్మా," అన్నాడు,
"ఎర్రగా పడితే రాయడానికి గడి ఉందా?"

లేదు.

"రేపు పొద్దున్న ఏడింటికి రండి" అన్నాను.
"నూట పదహారు ఎక్కుతా," అన్నాడు,
"ఆ డ్రైవరు నా దగ్గరే నేర్చుకున్నాడు."